కర్నేల్ దొరకు పెత్రమాస బియ్యం

ఒక పుస్తకంలోని ఒకే ఒక్క వాక్యాన్ని సరిచూసుకోవడానికి నేను ఈ ప్రయాణం పెట్టుకున్నాను. ఆ పుస్తకం ఒక ఆంగ్లేయ సైన్యాధికారి తన వృద్ధాప్యంలో రాసుకున్న జ్ఞాపకాల సంపుటి. తాండూరు బండల గనుల నుంచి తన వెంట వచ్చిన సాయన్న అనే మనిషి, బర్మాలో ఒక నది అవతలి ఒడ్డున తాడు పట్టుకుని నిలబడి, ఆ తాడుతో పాటే నదిలో పోయాడని ఆ వాక్యం చెబుతుంది. తరువాతి పేరాలో ఆయన మరో సంగతిలోకి వెళ్లిపోయారు. నేను వెళ్లలేకపోయాను.

మాది కాకినాడ. వంతెనల డిజైన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఆ అధికారి పేరు జనరల్ థార్న్‌బీ. ఇంగ్లండులో పడవలు బాగుచేసే ఇంట పుట్టి, సైనిక ఇంజినీరై, యౌవనంలోనే సికింద్రాబాద్ కంటోన్మెంటుకు వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం బర్మా నుంచి వెనక్కి తగ్గుతున్నప్పుడు, దొరికిన పడవలను వరుసగా కట్టి, వాటి మీద టేకు పలకలు పరిచి, మనుషులను, కంచరగాడిదలను, గాయపడినవారిని దాటించారు. తరువాత ఒక డివిజనుకు అధిపతియై, అదే నదిని ఈసారి గెలుస్తున్న సైన్యంతో ఎదురుదిశలో దాటారు. నా విద్యార్థి దశలో మా గురువుగారు తేలే వంతెనల పాఠం ఆయన కట్టిన వంతెనతోనే మొదలుపెట్టారు. నా వృత్తికి అన్నం పెట్టినవారిలో ఆయన ఒకరని నా లెక్క. అందుకే ఆయన జీవితాన్ని మన విద్యార్థుల కోసం తెలుగులో రాస్తున్నాను. తాడుకు రెండు చివరలుంటాయి. ఒక చివర పట్టుకున్నవాడికి ఒక పుస్తకమూ, మరో చివర పట్టుకున్నవాడి చావుకు ఒక వాక్యమూ దక్కడం నాకు సబబుగా తోచలేదు. ఆ మనిషిది ఏ ఊరో, అతనివారికి ఎవరైనా కబురు చెప్పారో లేదో తెలుసుకుని, వీలైతే వారికి నమస్కారం చేసి రావాలనుకున్నాను.

వికారాబాద్ జంక్షన్

నేను వెళ్లింది భాద్రపదం చివర. స్టేషను బయటికి రాగానే ముందు ముక్కుకు తగిలింది సీతాఫలాల వాసన. మా వైపు సీతాఫలం పెరటి చెట్టు పండు. ఇక్కడ అది గుట్టల పంట, గంపలకు గంపలు దిగుతుంది. నేను ఒక్కొక్క పండునూ నొక్కి చూసి ఏరుతుంటే, అమ్మే ఆవిడ నా చేయి పక్కకు తీసింది. నొక్కితే పండు నల్లబడుతుందట. పండు మీది కళ్ల మధ్య గీతలు పసుపెక్కినవి ఈ పూటకు, పచ్చగా ఉన్నవి రేపటికి అని తానే రెండు రకాలూ ఏరి, కొసరుగా రెండు వేసి, ఎక్కడికి పోతున్నానని అడిగింది. అనంతగిరి గుట్ట మీదికని చెప్పాను.

"గుట్ట మీదికా? గట్లయితే కోతులకు కొన్నట్టే" అంది.

నేను నవ్వి ఊరుకున్నాను. తప్పు చేశాను.

అనంతగిరి

థార్న్‌బీ పడుచుదనంలో మలేరియా సోకి, కోలుకోవడానికి ఈ గుట్ట మీద కొంతకాలం గడిపారు. ఆయన పుస్తకంలో ఒక బంగళా ఛాయాచిత్రం ఉంది. దాని నకలు చేతబట్టుకుని చెట్ల మధ్య వెతుకుతూ, కమానులున్న ఒక పాత కట్టడం ముందు ఆగాను. వరండా పొడవును అడుగులతో కొలిచాను, కమానుల మధ్య దూరాన్ని చిత్రంలోని నిష్పత్తితో పోల్చాను, ఒక కమాను తక్కువ రావడానికి ఏ మరమ్మత్తు కారణమై ఉంటుందో కూడా ఊహించి రాసుకున్నాను. అంతసేపూ నన్ను చూస్తూ కూర్చున్న కాపలాదారు అప్పుడు లేచి వచ్చాడు.

"గీ బంగ్లా నా పెండ్లైనంక కట్టిండ్రు మేడం" అన్నాడు.

దొరల కాలపు బంగళాలు ఎప్పుడో కూలిపోయాయనీ, వాటి రాళ్లు కింది ఊళ్ల ఇళ్లలో చేరాయనీ చెప్పాడు. ఇద్దరం ఆ మాటలో ఉండగానే కోతులు నా సంచి తెరిచాయి. అవి పండిన పళ్లను తిని, పచ్చివాటిని నా కోసం వదిలాయి; ఆ ఏరడం నాకన్నా వాటికే బాగా వచ్చు.

నా మధ్యాహ్న భోజనం పోయిందని అతను తన సద్ది విప్పి సగం నాకు పెట్టాడు. జొన్నరొట్టె, పుంటికూర. పుంటికూర అంటే మన గోంగూరే. గోంగూర మా జిల్లాల సొత్తన్నట్టు మాట్లాడే అలవాటు మాకుంది. ఎండుమిర్చి, వెల్లుల్లి దట్టించిన ఆ కూర తిన్నాక ఆ అలవాటు మానుకోవాలని నిర్ణయించుకున్నాను. తింటూండగా, ఎల్లుండి తాను సెలవు పెడుతున్నానని చెప్పాడు. పెత్రమాస అట. భాద్రపద అమావాస్యను ఇక్కడ అలా అంటారు. ఆ రోజు ఇంటి పెద్దలకు బియ్యం ఇస్తారు: చాటలో బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, మిరపకాయలు పెట్టి, పోయినవారి పేర్లు ఒక్కొక్కటిగా తలచుకుంటూ పురోహితుడైన అయ్యగారి చేతికి అందిస్తారు. పోయినవారికి ఏది ఇష్టమో అదీ చాటలో ఉండాలి. తన తండ్రికి బీడీలు ప్రాణమట, కాబట్టి ఒక కట్ట బీడీలు. మా ఇంట్లో ఆ రోజు మా అన్నయ్య నువ్వులూ నీళ్లూ వదులుతాడు, మంత్రం ప్రకారం అంతా జరుగుతుంది. మా నాన్నకు ఏది ఇష్టమని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. ఆయనకు జీడిమామిడి పప్పు వేసిన ఉప్మా ఇష్టం. చేయి కడుక్కుంటూ ఆ సంగతి అతనికి చెప్పాను. అతను తల ఊపి, అలాంటిది ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలన్నాడు.

తాండూరు

మాది డెల్టా. మేకు కొట్టేందుకు రాయి కావాలన్నా బయటి నుంచి రావాలి. తాండూరులో రాయి లేనిదేదో వెతకాలి. చేను గట్టు మీద నిలువునా పాతిన బండలు కంచె, ఇంటికి అవే గోడలు, పైన అవే కప్పు, అంగడి ముందు అవే బల్లలు. నీలం బండలు, పసుపు బండలు పలకల్లా పొరలు పొరలుగా విడిపోతాయి. యుద్ధానికి ముందు థార్న్‌బీ తమ మెస్సు నేలకు బండలు ఏరడానికి ఇక్కడికి వచ్చి, గనిలో పనిచేస్తున్న పడుచువాడు సాయన్నను చూసి, సైన్యంలోకి వస్తావా అని అడిగారు. ఆ ప్రశ్న ఏ గని అంచున అడిగారో పుస్తకంలో లేదు. ఇప్పుడు ఊరి చుట్టూ అన్నీ గనులే.

మర్నాడు నేను అక్కడ తిన్న హోటలు యజమాని ఫోనులో కన్నడం, వంటవాడితో ఉర్దూ, నాతో తెలుగు మాట్లాడాడు. మూడింటి మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు. రొట్టెలు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కందిపప్పు కలిపి ఎనభై రూపాయలు. పప్పు ఎన్నిసార్లు వేయించుకున్నా అదే ధర. ఈ నేల కందిపప్పుకు అంత పేరెందుకో మూడోసారి వేయించుకున్నప్పుడు అర్థమైంది.

ఆయననే అడిగాను, సైన్యంలో పనిచేసి యుద్ధంలో పోయిన సాయన్న అనే మనిషి కుటుంబం ఎవరికైనా తెలుసా అని. ఈ ఊళ్లలో ప్రతి ఇంటికీ ఒక సాయన్న ఉంటాడని ఆయన నవ్వాడు. పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న ఆటో డ్రైవరు ఖాజా మాత్రం మా వైపు తిరిగాడు. నలభై దాటిన మనిషి, మెడలో గళ్ల రుమాలు.

"మిల్ట్రీ సాయన్న తాతనా? గాయన యుద్ధంల పోలె మేడం. మా ఊర్లనే ఇంట్ల సచ్చిపోయిండు. నేను చిన్నగున్నప్పుడు ఆయన పాడె ముంగట ఉరికిన. ఆయన బిడ్డ ఉంది, చంద్రమ్మ. తోల్కపోవాల్నా?"

అది నేను వెతికే మనిషి కాదని నాకు వెంటనే తేలిపోయింది. నా సాయన్న నదిలో పోయినవాడు. అయినా వేరే దారి లేదు. ఖాజా అప్పటికే ఆటో తిప్పి పెట్టాడు.

కరణ్‌కోట దారిలో

కరణ్‌కోట వైపు పోయే రోడ్డు పొడవునా సిమెంటు ఫ్యాక్టరీ పనివాళ్ల మోటారు సైకిళ్లు, బండల లారీలు. వాటి దుమ్ముకు అవతల కంది చేలు నిండుగా పచ్చగా ఉన్నాయి. దారిలో ఒక ఊరు. చంద్రమ్మ గారి ఇంటివారి కోరిక మీద దాని పేరు రాయడం లేదు.

చంద్రమ్మ గారు గడప దగ్గర కూర్చుని చాటలో బియ్యం ఏరుతున్నారు. డెబ్భై దాటిన మనిషి. కుడి మణికట్టుకు పట్టీ ఉంది, ఎడమ చేత్తోనే ఏరుతున్నారు. నేను కాకినాడ నుంచి వచ్చానంటే, అంత దూరం నుంచి వచ్చిన మనిషి ముందు కూర్చోవాలి, తరువాత మాట్లాడాలి అని నన్ను కూర్చోబెట్టి, కోడలు సుజాతతో నీళ్లిప్పించారు. వాళ్ల నాన్నగారు సైన్యం నుంచి కుంటుకుంటూ తిరిగి వచ్చి, మళ్లీ బండల పనిలో చేరి, పెళ్లి చేసుకుని, ముసలివారై పోయారట. నేను మర్యాదగా లేవబోతూ, ఆయన గుర్తుగా ఏమైనా ఉందా అని మాటవరసకు అడిగాను.

ఆమె గోడగూటిలో దేవుడి పటం వైపు చూపించారు. పటం పక్కన ఒక ఇత్తడి ఈల ఉంది. చిన్నప్పుడు ఆమె మంచె మీద కూర్చుని ఆ ఈల ఊది జొన్నచేను మీది చిలకలను తోలేవారట.

"గది మా నాయిన సీటి. కర్నేల్ దొర ఇచ్చిండు. ఒక్కసారి ఊదితె తాడు కట్టిన, ఇగ రా అని. రెండుసార్లు ఊదితె ఆగు అని."

చేతిలోని చెంబు కింద పెట్టాను. ఆ సంకేతం, సరిగ్గా ఆ మాటలతో, జనరల్ పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం సంగతి ఆ ఇంట ఎవరికీ తెలియదు.

మిగిలినది ఆమే చెప్పారు. వెనక్కి తగ్గుతున్న సైన్యం నది దాటింది. దొర చివరివాడిగా ఇవతలే ఉండిపోయాడు. పొగమంచులో సాయన్న అవతలి ఒడ్డున తాడు చెట్టుకు కట్టి ఒకసారి ఈల ఊదాడు. దొర పడవ ఎక్కి తాడు పట్టుకుని బయలుదేరాడు. అప్పుడే గుండు పడి తాడు తెగింది, పడవ బోర్లాపడింది, మంచులో ఇక ఏమీ కనిపించలేదు. సాయన్న కాలికి దెబ్బ తగిలి, ఎవరో మోసుకుపోగా అస్సాంలో ఏదో ఆసుపత్రిలో చాలాకాలం పడి ఉన్నాడు. ఇంటికి వచ్చిన ఏడాదే పెత్రమాసకు తల్లిదండ్రుల పేర్ల పక్కన దొర పేరు కూడా తీసి బియ్యం ఇచ్చాడు. దొర నీళ్లలో పోయాడు గనుక ఒక ముద్ద అన్నం కాగ్నా వాగులో వదిలాడు. బతికినంతకాలం అలాగే చేశాడు. పోయే ముందు కూతురి చేత మాట తీసుకున్నాడు.

"నేను పిలిస్తెనే గద దొర పడవెక్కింది అంటుండె. గా సీటి ఊదకపోతె బతుకుతుండె అంటుండె. గదే ఫికర్. అన్నం ముంగట వెట్టుకొని గూడ గదే మాట."

జనరల్ పుస్తకంలో మిగిలిన సగం ఉంది. పడవ బోర్లాపడ్డాక థార్న్‌బీ చాలా దూరం కొట్టుకుపోయి ఇసుకతిన్నె మీద తేలారు. చేతిలో తాడు తెగి వదులుగా రావడంతో, అవతలి మనిషి నదిలో పడిపోయాడనుకున్నారు. తరువాత జ్వరం, వేరే దారి, వేరే ఆసుపత్రి. ఎవరు బతికారో ఎవరు పోయారో తేల్చుకోలేని రోజులవి. ఇద్దరూ బతికి బయటపడ్డారు. ఇద్దరూ ఒకరి మరణాన్ని ఒకరు మోశారు.

ఈ మాట చెప్పాలా వద్దా అని నేను తూకం వేస్తుండగానే ఆమె కొడుకు నర్సింలు వచ్చాడు. గనిలో రాయి తవ్వే యంత్రం నడుపుతాడు. కనుబొమల మీద తెల్లటి దుమ్ము ఉంది. నేనెవరో, ఎందుకు వచ్చానో ఖాజా చెప్పగానే, అతను నన్నే న్యాయం అడిగాడు. పోయినేడు పెత్రమాసకు వాగు ఒడ్డున జారి అతని తల్లి మణికట్టు విరిగింది, సరిగా అతకలేదు. ఈ ఏడు వాగు ఇంకా నిండుగా ఉంది. దిగవద్దంటే ఆమె వినడం లేదు.

"సచ్చిపోయినాయన బువ్వ కోసం బతికున్న అవ్వను వాగుల దింపాల్నా మేడం? మీరే చెప్పుండ్రి. గాయన ఎవరో, ఏ ఊరో ఎవలకెరుక?"

"నాకెరుక" అన్నారు చంద్రమ్మ గారు.

"నువ్వు సూసినవా?"

"నిన్ను కనకముందు నిన్ను గూడ సూడలె. పేరు అనుకొని పెట్టుకోలేదా?"

సుజాత నవ్వు ఆపుకోవడానికి లోపలికి వెళ్లింది. నర్సింలుకు నవ్వు రాలేదు. ఈసారి చాట తన చేతిలోకి వస్తుందనీ, బియ్యం ఇచ్చేది తానేననీ, ఊరూ పేరూ తెలియని మనిషి పేరు తాను తీయననీ, వాగుకు ఎవరూ పోయేది లేదనీ నెమ్మదిగా అన్నాడు. చంద్రమ్మ గారి బియ్యం ఏరే చేయి ఆగింది. తండ్రికిచ్చిన మాట ఆ చేతిలో ఉంది.

నేను చెబితే వాగు బాధ తీరుతుంది, సాయన్న గారి మీద ఆయనే వేసుకున్న నింద తొలగుతుంది. కానీ అదే మాట మరొకటి కూడా చెబుతుంది: ఆయన బతికున్న మనిషికి చచ్చినవారి బియ్యం ఇచ్చాడని. మా వైపున్నంత పట్టింపే ఇక్కడా ఉంటుందని నాకు తెలుసు. బతికున్నవాడికి అలా చేయడం వాడిని చంపినంత కీడు. ఏ భారం ఎటు మొగ్గుతుందో లెక్క కట్టడం నా వృత్తి. ఆ గడప దగ్గర నా లెక్క నిలవలేదు. చివరికి ఉన్నది ఉన్నట్టు చెప్పడమొక్కటే నాకు చేతనైన పని అని, "అమ్మా, దొర నీళ్లలో పోలేదు. ఒడ్డు చేరారు" అన్నాను. తరువాత అంతా చెప్పాను.

లోపలి నుంచి వచ్చిన సుజాత తలుపు దగ్గరే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "బతికున్నాయనకు బియ్యమిచ్చిండా తాత?" అని గొణిగింది. నర్సింలు తల్లి వైపు చూశాడు. ఆమె చాటలోని బియ్యం వైపు చూశారు.

"ఎన్ని దినాలు బతికిండు బిడ్డా?"

"తొంభై దాటేదాకా. తన ఇంట్లో, తన మంచం మీద పోయారు."

"ఇగ సూడు" అన్నారామె. "మా నాయిన పంపిన బువ్వ గాయన బతికుండంగనే తిన్నడు. గందుకే గన్ని దినాలు బతికిండు."

ఖాజా రుమాలుతో మొహం తుడుచుకున్నాడు, దుమ్మే అయి ఉంటుంది. నాకు మరో వాక్యం గుర్తొచ్చింది. జనరల్ రిటైరై తన పల్లెకు చేరాక, ఏటా యుద్ధమృతులను తలచుకునే రోజున ఆ ఊరి చర్చిలో పేర్లు చదివేవారు. తమ ఊరి పిల్లల పేర్లన్నీ అయ్యాక, చివర సాయన్న పేరు చదివేవారు. అది కూడా చెప్పాను. ఆమె ముందు అర్థం కానట్టు చూసి, తరువాత నవ్వడం మొదలుపెట్టారు. భుజాలు కదిలేలా, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

"గప్పుడు మా నాయిన గీడ బండలు కొడుతుండె. ఒక్కోనాడు అన్నం ముంగట వెడితె కడుపు నిండింది అంటుండె. మా అవ్వ తిడుతుండె, ఏడ తిని ఒచ్చినవని. దొర పెట్టిండు గావచ్చు."

నర్సింలు కూడా నవ్వాడు. నవ్వి, దొర తరువాత ఏమయ్యాడని మొదటిసారి తానే అడిగాడు. జనరల్ అయ్యాడని చెప్పాను.

"జర్నేలా? కర్నేల్ కన్న పెద్దనా?"

పెద్దేనన్నాను. తన తాతకు ఆ మాట తెలిసి ఉంటే ఊరంతా చెప్పుకు తిరిగేవాడని అతను కాసేపు తల ఊపాడు. తరువాత తల్లి ముందు గొంతుక్కూర్చుని, చాట తన వైపు లాక్కుని, తాను ఏరడం మొదలుపెట్టాడు. "రేపు పేరు నేనే తీస్త" అన్నాడు. "నీళ్లల్ల లేడు గద. ఇగ వాగుకెందుకే అవ్వా."

"నీళ్లల్ల లేడు" అని ఆమె ఒప్పుకున్నారు. కానీ ఒక్క చిక్కుందన్నారు. ఇన్నేళ్లు ఆయనను వాగు దగ్గరికి పిలిచారు. ఇక అక్కడికి రావద్దని, ఇంటికే రమ్మని చెప్పకపోతే ఆయన అక్కడే ఎదురు చూస్తాడు. వాగులోకి దిగనక్కర్లేదు, పైన వంతెన మీది నుంచి చెప్పినా చాలు. నర్సింలు నా వైపు చూశాడు. వంతెన భద్రమేనా అని అడుగుతున్నాడేమో అనుకుని, భద్రమేనన్నాను. ఆ రోజు నా చదువు ఆ ఇంటికి పనికొచ్చింది ఆ ఒక్కచోటే.

నేను ఆటో ఎక్కబోతుంటే చంద్రమ్మ గారు వెనక్కి పిలిచి, దొరకు ఏది ఇష్టమని అడిగారు. ఇన్నేళ్లూ తెలియక కందిపప్పే పెట్టారట. ఇది మాత్రం నాకు కచ్చితంగా తెలుసు. యుద్ధమంతా ఆయన తలచుకున్నది ఉడకబెట్టిన ఆలుగడ్డలను.

అమావాస్య

మర్నాడు నేను వెళ్లేసరికి వాకిలి కడిగి ముగ్గు పెట్టి ఉంది. ఆ సాయంత్రమే బతుకమ్మ పండుగ మొదలు; పక్కింటి ఆడపిల్లలు తంగేడు పూలకు చేల వైపు బయలుదేరుతున్నారు. పోయినవారి దినమూ పూల పండుగా ఒకే రోజున కలవడం మా వైపు ఊహకు అందదు. ఇక్కడ మధ్యాహ్నం పెద్దలకు పెట్టి, సాయంత్రం పూల చుట్టూ పాడతారు.

చాటలో బియ్యం మీద కందిపప్పు, బీరకాయ, సొరకాయ, చింతపండు, మిరపకాయలు, వాటి పక్కన రెండు ఆలుగడ్డలు ఉన్నాయి. అయ్యగారు ఏళ్ల తరబడి ఆ ఇంటికి వస్తున్న మనిషి. ఆలుగడ్డలను చూసి ఎవరికని అడిగారు. దొరకని చెబితే, సరే కానీయండి అన్నారు. నర్సింలు తలస్నానం చేసి, తెల్లని పంచె కట్టుకుని, ఒక్కొక్క పేరూ తీశాడు. తాతల పేర్లు, తండ్రి పేరు, సాయన్న పేరు. తరువాత ఆలుగడ్డలను చాట మధ్యకు జరిపాడు.

"జర్నేల్ దొర" అన్నాడు, గొంతు పెంచి.

చంద్రమ్మ గారు పట్టీ ఉన్న చేత్తోనే చాట అంచు తాకారు.

నాకూ ఆ ఇంట్లోనే విస్తరి వేశారు. అతిథిగా కూర్చున్నాను, లేచేటప్పటికి సుజాత నన్ను పెద్దమ్మ అని పిలుస్తోంది. భోజనం అయ్యాక, అడగాలా వద్దా అనుకుంటూనే, వచ్చే ఏడు మా నాన్న పేరు కూడా ఒకసారి తలుస్తారా అన్నాను. ఏమి ఇష్టమని వెంటనే అడిగారు. ఉప్మా అని చెప్పాను.

కాగ్నా వంతెన

పొద్దు వాలుతుండగా ఖాజా అందరినీ కాగ్నా వంతెన మీదికి తెచ్చాడు. నేను అలవాటు కొద్దీ స్తంభాలను, పిట్టగోడను పరికించాను. కింద వాగు ఎర్రగా, వేగంగా పోతోంది. ఆ నీళ్లలోకి ఈమె దిగి ఉండేదని తలచుకుని పిట్టగోడ నుంచి ఒక అడుగు వెనక్కి జరిగాను.

చంద్రమ్మ గారు పిట్టగోడ పట్టుకుని నిలబడి నీళ్ల వైపు మెల్లగా ఏదో చెప్పారు. మాకు వినిపించలేదు, వినిపించాల్సిన అవసరమూ లేదు. తరువాత కొంగుముడి విప్పి ఈల తీసి కొడుక్కి ఇచ్చారు. తన తండ్రి ఆ నది ఒడ్డున ఊదినదానికి సరైన జవాబు ఇన్నాళ్లకు దొరికింది కనుక, మళ్లీ ఒకసారి ఊదాలన్నారు.

"ఒక్కసారే. రెండుసార్లు ఊదేవు. గది ఆగు అని."

నర్సింలు ఊదాడు. గాలి తప్ప శబ్దం రాలేదు. లోపలి గింజ ఎండి అతుక్కుపోయింది. ఈలను అరచేతిలో తట్టి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ ఊదాడు. ఈసారి అది మోగింది. నేను అనుకున్నదానికన్నా పదునుగా, పొడుగ్గా, రెండు ఒడ్డులూ దాటేలా మోగింది. పూల గంపలతో పోతున్న ఆడపిల్లలు ఆగి వెనక్కి చూశారు. మా వెనుక తాండూరు నుంచి వస్తున్న బస్సు కీచుమంటూ వంతెన మీదే ఆగిపోయింది. ఇక్కడ కండక్టరు ఒక్క ఈల వేస్తే బస్సు ఆగాలి మరి.

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఎవలు సీటి కొట్టింది? ఎక్కుతరా ఎక్కరా?"

చంద్రమ్మ గారు పిట్టగోడ వదిలి అతని వైపు తిరిగారు. ముఖం నిండా ఎండ పడుతోంది.

"ఎక్కేటాయన ఎక్కిండు బిడ్డా" అన్నారు. "ఇగ నువ్వు పో."